రేడియోలో ఆటల కామెంటరీ చెప్పే పెద్దాయన మైకు ఎప్పుడు దించాలి?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. మీరు గుంటూరులో ఉంటారు. నాన్నగారికి 69 ఏళ్లు. ముప్పై ఏళ్లకు పైగా రేడియోలో క్రికెట్, కబడ్డీ, వాలీబాల్ కామెంటరీ చెబుతున్నారు. కిందటి సీజన్‌లో రెండు మూడు మ్యాచుల్లో ఆటగాళ్ల పేర్లు తారుమారయ్యాయి. ఒకసారి రెండు ఓవర్లపాటు స్కోరే చెప్పలేదు. ఆయనేమో గొంతున్నంత కాలం చెబుతానంటున్నారు, స్టేషన్ వాళ్లేమో మొహమాటపడి ఊరుకుంటున్నారు. ఎప్పుడు ఆపాలి, ఆ మాట ఎవరు చెప్పాలి అని మీ ప్రశ్న.

సూటిగా చెప్తాను. దీనికి వయసు లెక్క లేదు. దొర్లిన తప్పును తనంతట తను పట్టుకుని దిద్దుకుంటున్నంత కాలం చెప్పొచ్చు. తప్పు దొర్లిన సంగతే తనకు తెలియకుండా పోతుంటే బంతిబంతికీ చెప్పే కామెంటరీ ఆపేయాలి. ఆపాల్సింది ఆ ఒక్క పనే, రేడియోకి వెళ్లడం కాదు. మీ నాన్నగారి విషయంలో ఆ మాట అనేముందు కళ్లు, చెవులు, వేసుకునే మందులు చూపించండి. మీరు రాసినవాటిలో కొన్ని అక్కడే తేలిపోవచ్చు.

వయసు లెక్క లేదని ఎందుకంటున్నానంటే, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి 60కి దిగిపోతాడు, మన రాష్ట్ర ఉద్యోగి 62కి దిగిపోతాడు. అవి కొలువుకు పెట్టిన గీతలు, గొంతుకు పెట్టినవి కావు. బీబీసీలో క్రికెట్ చెప్పిన జాన్ ఆర్లట్ 1980లో 66 ఏళ్లకే తప్పుకున్నారు. అప్పటికి ఆయన మాటకు తిరుగులేదు. అదే కామెంటరీ పెట్టెలో, అంటే కామెంటేటర్ల గదిలో, కూర్చున్న హెన్రీ బ్లోఫెల్డ్ 2017లో 77 ఏళ్లకు మానేశారు. బ్రయన్ జాన్‌స్టన్ ఎనభై దాటాక కూడా చెప్పారు. అమెరికాలో బేస్‌బాల్ చెప్పిన విన్ స్కల్లీ ఒకే జట్టుకు 67 సీజన్లు చెప్పి 2016లో 88 ఏళ్లకు దిగారు. 66కీ 88కీ మధ్య ఇరవై రెండేళ్ల తేడా ఉంది. పుట్టినరోజు చూసి ఎవరికైనా చెప్పడం కుదరదని ఇంకెలా చెప్పాలి?

టీవీ సంగతి వేరు. అక్కడ బొమ్మ కనిపిస్తుంటుంది, కింద స్కోరు పట్టీ నడుస్తుంటుంది. కామెంటేటర్ పేరు తప్పు చెప్పినా చూసేవాడు నవ్వుకుని వదిలేస్తాడు. రేడియోలో ఆ తప్పే బొమ్మ. పొలంలోనో, బందరు రోడ్డు మీద ఆటోలోనో వింటున్నవాడికి, మొదటి నుంచీ చూపు లేని శ్రోతకు, ఆ గొంతు చెప్పిందే ఆట. ఔటయింది ఒకరైతే ఇంకొకరి పేరు చెప్పి ముందుకెళ్లిపోతే, ఆ శ్రోత తర్వాతి పది నిమిషాలూ లేని ఆటను వింటుంటాడు.

ముందు లెక్క తీయండి, ఆ తర్వాతే మాట్లాడండి

"ఈమధ్య తడబడుతున్నారు" అన్నది అభిప్రాయం. దాంతో ఏ పెద్దాయనా ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. రికార్డింగు కావాలి. ఈ సీజన్‌వి మూడు మ్యాచులు, నాలుగైదేళ్ల కిందటిది ఒకటి తీసుకోండి. ఒక్కోదాంట్లో మూడు ముక్కలు కోయండి: మొదట్లో 20 నిమిషాలు, మధ్యలో 20, చివర్లో 20. పాత మ్యాచ్ ఎందుకంటే, కొందరికి పేర్లు మొదటి నుంచీ తడబడతాయి. అది వయసు కాదు, అలవాటు. తేడా ఎంత అన్నదే మనకు కావాలి.

స్కోర్‌కార్డు పక్కన పెట్టుకుని వినండి. కాగితం మీద నాలుగు గడులు గీయండి.

మొదటి గడి పేర్లది. తప్పు పేరు చెప్పిన ప్రతిసారీ ఒక గీత. వెంటనే దిద్దుకుంటే ఆ గీత చుట్టూ సున్నా చుట్టండి. చివరికి మనం లెక్కపెట్టేది సున్నా లేని గీతల్నే. పేరు పొరపాటు పాతికేళ్ల కుర్రాడూ చేస్తాడు. "క్షమించాలి, మిడాన్‌లో ఉన్నది ఫలానా" అని రెండో ఊపిరిలో సర్దుకోగలిగితే అది తప్పుల పద్దులోకి రాదు. నా కొలత ఏమిటంటే, 20 నిమిషాల్లో దిద్దుకోని తప్పులు ఒకటి వరకు మామూలే. మూడు దాటి, అది వరసగా రెండు మ్యాచుల్లో కనిపిస్తే ఆలోచించాలి. ఇది గ్రంథంలో ఉన్న నియమమేం కాదు, పని చేస్తుంది కనుక చెబుతున్నాను.

రెండో గడి స్కోరు. క్రికెట్‌లో ప్రతి ఓవరు చివర పూర్తి స్కోరు, మధ్యలో పరుగు వచ్చినప్పుడల్లా కనీసం మొత్తం. కబడ్డీలో పాయింటు మారిన ప్రతి రైడ్ తర్వాత. అమెరికాలో రెడ్ బార్బర్ అనే పాత కామెంటేటర్ మైకు పక్కన మూడు నిమిషాల ఇసుక గడియారం పెట్టుకునేవాడు. ఇసుక దిగగానే స్కోరు చెప్పి గడియారం తిరగేసేవాడు. రేడియో ఎప్పుడు ఎవరు పెడతారో తెలియదు కనుక ఆ మూడు నిమిషాలు. మీ నాన్నగారి రికార్డింగులో స్కోరుకూ స్కోరుకూ మధ్య దూరం సెకన్లలో రాయండి. అన్నట్టు, స్కోరు మరచిపోవడం ఒక్కటే ఉండి మిగతావన్నీ బాగుంటే దిగులు పడక్కర్లేదు. రెండు వందలు పెట్టి చిన్న టైమర్ కొనిస్తే అయిపోతుంది.

మూడో గడి ఆలస్యం. ఇదే అసలైన గడి, ఎవరూ కొలవనిది కూడా ఇదే. మైదానం చప్పుడు పట్టే మైకు వేరే ఉంటుంది కాబట్టి బ్యాటు చప్పుడు, జనం అరుపు రికార్డింగులో వినిపిస్తాయి. ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిస్తే బ్యాటు తగిలినచోట శబ్దం గీత సన్నటి ముల్లులా లేస్తుంది. అక్కడి నుంచి ఆ దెబ్బ గురించి పలికిన మొదటి మాట దాకా ఎంతుందో చూడండి. చురుగ్గా ఉన్నవారికి సెకను లోపే ఉంటుంది. రెండు సెకన్లు దాటుతుంటే జనం అరుపు ముందొస్తుంది, మాట వెనకొస్తుంది. అంటే ఆయన ఆటను చూసి చెప్పడం లేదు, అరుపు విని తలెత్తి చూస్తున్నారన్నమాట. మొదటి 20 నిమిషాల్లో బాగుండి చివరి 20లో ఇలా ఉంటే అది అలసట. విడత, అంటే ఏకబిగిన చెప్పే సమయం, తగ్గిస్తే సరిపోతుంది. మొదటి నుంచీ ఇలాగే ఉంటే వేరే కథ.

నాలుగో గడిలో పూర్తికాని వాక్యాలు. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది తెలుగు కామెంటరీకి ప్రత్యేకం.

మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. ఏం జరిగిందో చెప్పే మాట అన్నిటికన్నా వెనక వస్తుందన్నమాట. ఇంగ్లిష్‌లో ముందే "కొట్టాడు" అనేసి, ఎటు కొట్టాడో తాపీగా చెప్పుకోవచ్చు. మనం అలా కుదరక వాక్యాన్ని ముక్కలు చేసుకుంటాం. మంచి తెలుగు కామెంటరీ ఇలా ఉంటుంది: "బంతి వేశాడు. కొంచెం పొట్టిగా. లాగి కొట్టాడు. మిడ్‌వికెట్ వైపు. ఫీల్డర్ పరిగెడుతున్నాడు. అందలేదు. నాలుగు." ఒక్కో ముక్కకీ ఒక్కో క్రియ, ఒక్కో చిన్న ఊపిరి. వయసు మీద పడుతున్నవారి రికార్డింగులో ఇలా వినిపిస్తుంది: "ఆఫ్ స్టంప్‌కి ఆవల పొట్టిగా పడిన బంతిని వెనక్కి జరిగి చక్కటి టైమింగ్‌తో పాయింట్‌కీ కవర్స్‌కీ మధ్యనున్న ఖాళీలోంచి..." ఈలోపు జనం హోరు. ఆ హోరులో వాక్యం మునిగిపోతుంది. నాలుగా, క్యాచా, రనౌటా, శ్రోతకు తెలియదు. భాష ఎంతో అందంగా ఉంది, ఆట మాత్రం లేదు. ఇందులో తమాషా ఏమిటంటే, ఇలాంటి వాక్యాలకే శాలువాలు కప్పుతారు. అనుభవం పెరిగేకొద్దీ వాక్యం పొడుగవుతుంది, ఊపిరేమో అదే వేగంతో తగ్గుతుంది. 20 నిమిషాల్లో క్రియ చేరని వాక్యాలు ఎన్నో లెక్కపెట్టండి.

ఊపిరికి ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. నిండా గాలి పీల్చి, మామూలు స్థాయిలో "ఆ..." అని ఆపకుండా పలకమనండి. మూడుసార్లు చేసి ఎక్కువ వచ్చినది తీసుకోండి. పదిహేను సెకన్లు వస్తే ఈ వయసుకి బాగానే ఉన్నట్టు. పది లోపైతే చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించాలి.

కబడ్డీకి కొలత ఇంకా కఠినం. రైడ్‌కి 30 సెకన్లు, ఆట ఇరవై నిమిషాలచొప్పున రెండు సగాలు, అంటే 80 రైడ్ల దాకా. ఆ అర నిమిషంలో కూతకు వెళ్లిందెవరు, ఎదురుగా ఎంతమంది, అది డూ ఆర్ డై రైడా (తప్పక పాయింటు తేవాల్సిన రైడ్), బోనస్ గీత దాటాడా, ఎవరిని తాకాడు, పాయింటు ఎవరికి, ఇవన్నీ చెప్పాలి. ఆరుగురు లేదా ఏడుగురు డిఫెండర్లు ఉంటేనే బోనస్, ముగ్గురు లేదా అంతకన్నా తక్కువ ఉన్నప్పుడు రైడర్‌ను పట్టేస్తే అదనపు పాయింటిచ్చే సూపర్ టాకిల్. కాబట్టి కోర్టులో ఎంతమంది మిగిలారన్న లెక్క తలలో ఎప్పుడూ నడుస్తుండాలి. తడబాటు మొదలయ్యేది ఈ లెక్క దగ్గరే, పేర్ల దగ్గర కాదు. పెద్దలు క్రికెట్‌ కన్నా ముందే కబడ్డీ వదులుకోవాల్సి రావచ్చు. క్రికెట్‌లో బంతికీ బంతికీ మధ్య ఊపిరి తీసుకునే సందు దొరుకుతుంది. కబడ్డీలో ఆ సందు ఉండదు.

వయసని పొరబడేవి, నిజానికి బాగుచేసుకోగలిగినవి

శుక్లాలు. మొదట్లో చూపు తగ్గిందని అనిపించకపోవచ్చు, రంగులు వెలిసిపోతాయి. మధ్యాహ్నం ఎండ ఎదురు కొట్టినప్పుడు రెండు దగ్గర రంగుల జెర్సీలు ఒకేలా కనిపిస్తాయి. పేర్లు తారుమారయ్యేది మ్యాచ్ మొత్తంలోనా, ఎండ ఎదురుగా వచ్చే గంటలోనేనా చూడండి. రెండోదైతే ఆపరేషన్ చేయించుకుని, డాక్టరు సరేనన్నాక మళ్లీ మైకు పట్టొచ్చు.

కళ్లద్దాలు. కామెంటరీ పెట్టెలో చూపు మూడు దూరాలకు తిరుగుతుంటుంది: స్కోరు కాగితం అడుగున్నర, మానిటర్ మూడడుగులు, మైదానం డెబ్బై ఎనభై గజాలు, ఆ పైన. ఒకే అద్దంలో దూరం, దగ్గర రెండూ ఉండే ప్రోగ్రెసివ్ లెన్సులతో మానిటర్ చూడాలంటే గడ్డం పైకెత్తాలి. గడ్డం ఎత్తగానే నోరు మైకు నుంచి పక్కకు పోతుంది. మాట నీరసంగా వినిపిస్తుంది. "పాపం పెద్దాయన గొంతు తగ్గిపోయింది" అంటారు. గొంతు తగ్గలేదు, మెడ తిరిగింది. తలకు తగిలించుకునే హెడ్‌సెట్ మైకు ఇస్తే నోటితో పాటే తిరుగుతుంది, ఈ బాధ అక్కడితో సరి.

చెవులు. వయసుతో ముందు పోయేది పైస్థాయి శబ్దాలు. స, శ, ఫ, త లాంటి హల్లులు జారిపోతాయి, అచ్చులు వినిపిస్తుంటాయి. జనం హోరులో హెడ్‌ఫోన్‌లో ప్రొడ్యూసర్ "బ్రేక్ తీసుకోండి" అంటే వినపడక ఇంకో ఓవర్ చెప్పుకుపోతారు. పక్కన కూర్చున్నాయన ఒకటి అడిగితే ఇంకోదానికి జవాబిస్తారు. వినేవాళ్లకు అది మతిమరుపులా అనిపిస్తుంది. ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించడానికి అరగంట చాలు. వినికిడి యంత్రం పెట్టుకున్నాక మామూలు హెడ్‌ఫోన్ దాని మీద నొక్కుకుంటే కీచుమని కూస్తుంది, ఆ కూత ప్రసారంలోకీ వెళ్తుంది. చెవి మొత్తాన్ని కప్పే లోతైన కప్పుల హెడ్‌ఫోన్ తీసుకుని, యంత్రం అమర్చే అతనికి ఈ పని సంగతి ముందే చెప్పండి.

కట్టుడు పళ్లు. కొత్తగా పెట్టించుకుంటే స, శ ఈల వేస్తాయి. రోజూ అరగంట పేపరు పైకి చదివితే కొన్ని వారాల్లో నాలుక అలవాటు పడుతుంది. మైకును నోటికి ఎదురుగా కాక కొంచెం పక్కకు వంచి పెట్టినా ఈల తగ్గుతుంది. సీజన్ మొదలయ్యే ముందు వారం మాత్రం కొత్త పళ్లు పెట్టించొద్దు.

మందులు. బీపీకి వాడేవాటిలో పేరు చివర "ప్రిల్" అని వచ్చేవి ఉంటాయి: రామిప్రిల్, ఎనలాప్రిల్. కొందరికి వీటితో పొడి దగ్గు వస్తుంది, నెలల తరబడి వదలదు. దాన్ని వయసు ఖాతాలోనో, మిర్చి యార్డు ఘాటు ఖాతాలోనో వేసేస్తాం. డాక్టరును అడిగితే వేరే రకానికి మారుస్తారు. సొంతంగా ఆపకూడదు. జలుబు మాత్రలు నోరు ఎండబెడతాయి. ఉబ్బసానికి స్టెరాయిడ్ పీల్చేవారు ప్రతిసారీ నోరు పుక్కిలించకపోతే గొంతు బొంగురుపోతుంది. రాత్రి పదింటికి పచ్చడన్నం తిని పడుకునే అలవాటుంటే పుల్లటి త్రేన్పు గొంతు దాకా వస్తుంది. పొద్దున గొంతు గరగరమని పదకొండుకల్లా సర్దుకుంటుంటే అనుమానించాల్సింది దీన్నే.

షుగరు. చక్కెర మందులు వాడేవారు మ్యాచ్ ధ్యాసలో భోజనం గంట ఆలస్యం చేస్తే మాట ముద్దవుతుంది, లెక్క తప్పుతుంది. గ్లూకోమీటర్‌ను కామెంటరీ పెట్టెలోనే ఉంచండి. 70 లోపు వస్తే వెంటనే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూడాలి. మైకు అప్పటిదాకా పక్కవారికి. ఏప్రిల్, మే నెలల్లో బెజవాడ ఎండకు రేకుల పైకప్పు కింద కూర్చుంటే కుర్రాళ్లకే తల తిరుగుతుంది. నీళ్లు గుక్కగుక్కగా తాగుతుండాలి. టాయిలెట్ దూరమని నీళ్లు మానేసే పెద్దలు చాలామంది ఉన్నారు. అదీ చూడండి.

రెండు విషయాల్లో మాత్రం ఆలస్యం పనికిరాదు. బొంగురు గొంతు మూడు వారాలు దాటితే డాక్టరు గొంతులోకి దుర్భిణి పెట్టి చూడాలి. పొగ తాగినవారైతే మరీను. మాట ఉన్నట్టుండి ముద్దయినా, మూతి వంకరపోయినా, ఒక చెయ్యి లేవకపోయినా అది పక్షవాతం కావచ్చు. 108కి ఫోన్ చేయండి. రక్తనాళంలో గడ్డ కరిగించే మందు నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి.

బాగుచేయలేనివి

ఇవన్నీ చూపించాక కూడా గడుల్లో గీతలు తగ్గకపోతే, అప్పుడు ఒప్పుకోవాలి. వయసుతో పేర్లు నాలుక చివర నిలిచిపోవడం అందరికీ వస్తుంది. మనిషి తెలుసు, ఊరు తెలుసు, పేరు ఒక్కటే రాదు. ఇంట్లో అయితే పది సెకన్లాగి చెప్పొచ్చు, ప్రసారంలో ఆ పది సెకన్లు ఉండవు.

ఇక్కడ ఇంట్లోవాళ్లు ఒకచోట మోసపోతారు. "ఆయనకు మతిమరుపేమిటండీ, 2002 నవంబరు 24న విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో జరిగిన మ్యాచ్ అడగండి" అంటారు. నిజంగానే చెబుతారు: వెస్టిండీస్ 315, మార్లన్ శామ్యూల్స్ 108 నాటౌట్, మనవాళ్లు 180కి ఆలౌట్, 135 పరుగుల తేడా, సిరీస్ 4-3తో వెస్టిండీస్‌ది. పాత జ్ఞాపకం అన్నిటికన్నా చివర పోతుంది, అది పరీక్ష కాదు. అరగంట కిందట చేతికిచ్చిన జాబితాలోని కొత్త కుర్రాళ్ల పేర్లు ఎన్ని నిలిచాయన్నదే పరీక్ష. ఒకే ముచ్చటను ఒకే మ్యాచ్‌లో రెండుసార్లు, మొదటిసారి చెబుతున్నట్టే చెబితే అది ఇంకా బలమైన గుర్తు. అలా జరిగితే కామెంటరీ సంగతి అటుంచి నరాల డాక్టరుకు చూపించండి.

కొత్త నిబంధనలు తెలియకపోవడాన్ని మాత్రం ఈ ఖాతాలో వేయకండి. డీఆర్ఎస్ (అంపైర్ నిర్ణయాన్ని సమీక్షించే పద్ధతి) ఎలా పనిచేస్తుందో, ఇంపాక్ట్ ప్లేయర్ (మ్యాచ్ మధ్యలో ఒకరి బదులు దించే ఆటగాడు) ఎప్పుడు దిగుతాడో చెప్పలేకపోతే అది చదవకపోవడం. నలభై ఏళ్లవాడిలోనూ చూస్తాం. "మా రోజుల్లో" అన్న మాట గంటలో నాలుగుసార్లు దాటితే అది వేరే జబ్బు, దానికి మందు ప్రొడ్యూసర్ దగ్గరుంటుంది.

ఒకేసారి కాదు, మెట్లు మెట్లుగా

విన్ స్కల్లీ 88 దాకా చెప్పారని అందరూ అంటారు, ఎలా చెప్పారో చూడరు. చివరి ఏళ్లలో దూర ప్రయాణాలు మానేశారు.  మీ నాన్నగారికీ ఈ వరస పనికొస్తుంది.

మొదటి మెట్టులో విడత తగ్గించాలి. బీబీసీ క్రికెట్ కామెంటరీలో ఒక్కొక్కరు 20 నిమిషాలు చెప్పి మైకు మార్చుకుంటారు. వయసులో ఉన్నవారే ఇరవైకి మారుతుంటే డెబ్బై దగ్గరపడ్డాయన నలభై చెప్పడం ఎందుకు? పదిహేనుకు దించండి. కబడ్డీ, మే నెల మధ్యాహ్నపు మ్యాచులు, రాత్రి ప్రయాణాలు మానేయాలి.

దాంతోపాటు కాగితాలు మార్చండి. జట్ల జాబితా 20 పాయింట్ల లావు అక్షరాల్లో, ఒక జట్టుకు పసుపు అట్ట, ఇంకో జట్టుకు తెల్ల అట్ట. మెరిసే లామినేషన్ వద్దు, దీపం వెలుగు పడి అక్షరం కనపడదు. పక్కన ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టండి. వాడి పని ఒకటే: బంతి ఎవరి దగ్గరికెళ్తే అట్ట మీద ఆ పేరు మీద వేలు పెట్టడం. మాట్లాడకూడదు, గుసగుసలాడకూడదు, మైకు పట్టేస్తుంది. ఆ వేలు సరిగ్గా కదిలితే పేర్ల పొరపాట్లు గణనీయంగా తగ్గుతాయి. దీన్ని అవమానం అనుకునే పెద్దలుంటారు. స్కోరర్ లేకుండా ఏ కామెంటేటరూ చెప్పడు కదా, ఇది రెండో స్కోరర్ అనండి.

రెండో మెట్టు: బంతిబంతికీ చెప్పడం మానేసి, ఓవర్ల మధ్య విశ్లేషణ. ఆట ఆగినప్పుడే మాట్లాడాలి కనుక ఆలస్యం సమస్య ఉండదు, అనుభవం పూర్తిగా ఉపయోగపడుతుంది. దీంతో ఇంకొన్నేళ్లు చెప్పొచ్చు. కొందరు ఇక్కడ ముందుకన్నా బాగా రాణిస్తారు.

మూడో మెట్టు స్టూడియో: ఆట ముగిశాక ఐదు నిమిషాల సమీక్ష, కొత్తవారికి శిక్షణ, పాత టేపుల్లో గొంతులు గుర్తుపట్టి పేర్లు రాయడం. చివరిది చిన్నపనిగా చూడకండి. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అన్నేళ్ల స్టేషన్లో పెట్టె మీద వివరం లేని టేపు ఉంటే, అందులో మాట్లాడుతున్నదెవరో చెప్పగలిగేది ఆ తరంవారే.

ఎవరు చెప్పాలి

మీరు కాదు. ఇంట్లోవాళ్లు చెబితే ఆ మాట కాస్తా వయసు గొడవ, డబ్బు గొడవ అయిపోతుంది. మీ పని ఆయన్ని కంటి డాక్టరు దగ్గరికీ, చెవి డాక్టరు దగ్గరికీ తీసుకెళ్లడం వరకే. స్టేషన్‌కి మీరు ఫోన్ చేసి చెప్పడం కూడా వద్దు. ఎప్పటికైనా ఆయనకు తెలుస్తుంది, అప్పుడు మీ మీద నమ్మకం పోతుంది.

చెప్పాల్సింది ఆయనతో పెట్టెలో కూర్చున్న మనిషి. ప్రొడ్యూసరో, ముందే రిటైరైన సాటి కామెంటేటరో. మ్యాచ్ అయిన రోజు వద్దు, సన్మాన సభ రోజు అసలే వద్దు, వాట్సాప్‌లో పొరపాటున కూడా వద్దు. సీజన్ ముగిసిన రెండు వారాలకు, పొద్దుటిపూట, ఇద్దరే. మాట కూడా ఎలా ఉండాలంటే, "మాస్టారూ, వయసైపోయింది, ఇక చాలించండి" అని కాదు. "గురువుగారూ, ఈ రెండు ముక్కలు వినండి. ఇది నాలుగేళ్ల కిందటిది, ఇది మొన్నటిది. మీకెలా అనిపించిందో మీరే చెప్పండి." అంతే. ఒక్కో ముక్క మూడు నిమిషాలు మించకూడదు. తర్వాత మాట్లాడకుండా కూర్చోవాలి. ముప్పై ఏళ్లు గొంతుతో బతికిన చెవి అది. తేడా మనకన్నా ముందు దానికే తెలుస్తుంది.

విన్నాక కూడా ఒప్పుకోకపోతే, రెండో మెట్టును ఒక సీజన్‌కి ప్రయత్నంగా పెట్టమనండి, రాతపూర్వకంగా. స్టేషన్ మొహమాటపడి ఊరుకోవడం మర్యాదగా కనిపిస్తుంది కానీ చివరకు అది ఎటు పోతుందంటే, ఒక సీజన్‌లో పిలవడం మానేస్తారు. కారణం చెప్పరు. ఆయన ఫోన్ దగ్గర కూర్చుని ఎదురుచూస్తుంటారు. ఏ మాటా చెప్పకుండా పిలవడం మానేయడం కన్నా మొహం మీద చెప్పిన చేదుమాటే నయం.

ఒప్పుకుంటే, తేదీ ఆయన్నే పెట్టుకోనివ్వండి. ఫైనల్ మ్యాచ్ పెట్టుకోవద్దని మాత్రం చెప్పండి. ఆ రోజు ఒత్తిడి ఎక్కువ, జనం హోరు ఎక్కువ, తప్పు దొర్లితే అదే గుర్తుండిపోతుంది. లీగ్ మ్యాచ్ ఏదైనా మేలు. స్టేషన్‌కి మూడు నాలుగు నెలల ముందే ఉత్తరం ఇస్తే కొత్తవారిని పక్కన కూర్చోబెట్టి ఒక సీజన్ నడిపించవచ్చు. ఆయన పేర్ల పుస్తకం, ఏ ఊరి ఆటగాడి ఇంటిపేరు ఎలా పలకాలో రాసుకున్నది ఉంటుంది, ప్రతి పాత కామెంటేటర్ దగ్గరా ఉంటుంది. అది ఆ కొత్తవారికే ఇవ్వమనండి, జిరాక్స్ ఒకటి ఇంట్లో ఉంచుకుని.

చివరి రోజు ఏం మాట్లాడాలని కూడా అడుగుతారు. ఆర్లట్ 1980 సెప్టెంబరులో లార్డ్స్‌లో తన చివరి విడత పూర్తిచేసి, తర్వాత చెప్పబోయేవారి పేర్లు రోజూలాగే చెప్పి మైకు అప్పగించేశారు. వీడ్కోలు మాట ఒక్కటీ లేదు. ఆ తర్వాత మైదానంలో మైకులో సంగతి ప్రకటిస్తే, ఆట మధ్యలో ఉన్న ఆటగాళ్లు కూడా పెట్టె వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. మీ నాన్నగారు రెండు మాటలు మాట్లాడాలనుకుంటే మాట్లాడనివ్వండి, కానీ ఓవర్ల మధ్యలో కాదు, ఆట ముగిసి తుది స్కోరు చెప్పాక.

ఒకవేళ పాత రికార్డింగులు స్టేషన్‌లో దొరకకపోతే, ఇంట్లో క్యాసెట్లు ఉన్నాయేమో వెతకండి. తేమ పట్టిన క్యాసెట్‌ను నేరుగా ప్లేయర్‌లో పెట్టకండి, రిబ్బన్ చుట్టుకుపోతుంది. చేత్తో మెల్లగా ఒకసారి చివరి దాకా తిప్పి, మళ్లీ మొదటికి తిప్పి, అప్పుడు వినండి. వింటున్నప్పుడే ఫోన్‌లోకో కంప్యూటర్‌లోకో ఎక్కించేయండి. రెండోసారి ఆ రిబ్బన్ తిరుగుతుందన్న నమ్మకం లేదు.